40 మీటర్లలో నా సిగ్నల్ చిందుతోందంటున్నారు: బ్యాండ్‌విడ్త్ రూల్ ఏమిటి, ఎలా చూసుకోవాలి?

హనుమకొండ_40మీ | శనివారం రాత్రి 8:52

అందరికీ నమస్తే. హామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో) జనరల్ గ్రేడ్ లైసెన్స్ వచ్చాక ఈ మధ్యే 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్) వాయిస్ మొదలుపెట్టాను. ఈ రోజు పొద్దున 7.110 మెగాహెర్ట్జ్ మీద హైదరాబాద్ స్టేషన్‌తో మాట్లాడుతుంటే ఒక సీనియర్ ఓఎం (తోటి హామ్) మధ్యలో వచ్చి, "మీ సిగ్నల్ కింద 7.104 దాకా చిందుతోంది, మా రౌండ్ టేబుల్ ముచ్చట మొత్తం పాడవుతోంది" అన్నారు. మర్యాదగానే చెప్పారు. వెంటనే ఆపేశాను.

నా సెట్‌లో ట్రాన్స్‌మిట్ ఫిల్టర్ 2.4 కిలోహెర్ట్జ్ అని కనబడుతోంది. ఎల్ఎస్‌బీలో (గొంతు డయల్ ఫ్రీక్వెన్సీకి కింది వైపు వెళ్లే మోడ్) 7.110 పెడితే సిగ్నల్ 7.107 దగ్గరే ఆగిపోవాలి కదా. మరి 7.104 దాకా ఎట్లా పోయింది? ఎస్ఎస్‌బీ (ఒకే సైడ్‌బ్యాండ్ పంపే వాయిస్) ఇంత వెడల్పు దాటొద్దని మన రూల్స్‌లో ఎక్కడైనా అంకె ఉందా? ఇంట్లోనే చెక్ చేసుకునే దారి ఉందా? పొద్దుటి నుంచి ఇదే టెన్షన్.

జమ్మికుంట_వీహెచ్ఎఫ్ | రాత్రి 9:05

పవర్ ఎంత? మైక్ గెయిన్, ఏఎల్‌సీ (పవర్ హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు) ఎక్కడున్నాయి? స్పీచ్ ప్రాసెసర్ (గొంతును నొక్కి సగటు బలం పెంచేది) ఆన్‌లో ఉందా? కరెంట్ ఎక్కడి నుంచి?

హనుమకొండ_40మీ | రాత్రి 9:11

100 వాట్లు. ప్రాసెసర్ ఆన్. గట్టిగా మాట్లాడితే ఏఎల్‌సీ మీటర్ గీత దాటి కుడి చివరికి పోతుంది. మా నయీంనగర్‌లో కరెంట్ పోతూ వస్తూ ఉంటుందని కింద గదిలో పెద్ద బ్యాటరీ పెట్టి, పై గదికి వైరు లాగాను.

కాజీపేట_డైపోల్ | రాత్రి 9:48

తమ్మీ, ముందు రూల్ సంగతి చెప్తాను. ఇది చాలామందికి సగమే తెలుసు.

ఎస్ఎస్‌బీ వాయిస్‌కు ఇంత అని ఒక్క అంకె వెతికితే దొరకడం కష్టం. మూలం ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) రేడియో రెగ్యులేషన్స్ ఆర్టికల్ 3. స్పెక్ట్రమ్‌ను అత్యంత పొదుపుగా వాడాలి, సాంకేతికతా ఆ సర్వీస్ స్వభావమూ ఒప్పుకున్నంత తక్కువలో బ్యాండ్‌విడ్త్ ఉంచాలి అని దాని సారాంశం. అంటే 3 కిలోహెర్ట్జ్ లోపల ఉన్నాను కాబట్టి నేను సరే అనడానికి వీల్లేదు. 2.4తో పని జరిగేచోట 3 వాడటం ఆ మాటకు విరుద్ధమే.

అదే రెగ్యులేషన్స్ ఆర్టికల్ 1లో రెండు నిర్వచనాలు కూడా ఉన్నాయి. మనం పంపే సమాచారానికి కావలసినంత వెడల్పు "అవసరమైన బ్యాండ్‌విడ్త్". మన సిగ్నల్ నిజంగా ఆక్రమించిన చోటు "ఆక్రమిత బ్యాండ్‌విడ్త్". కింద 0.5 శాతం, పైన 0.5 శాతం పవర్ వదిలేసి, మధ్యలో 99 శాతం ఎంత మేర ఉందో అది. మంచి స్టేషన్‌లో ఈ రెండూ దాదాపు ఒకటే. నీ దగ్గర ఈ పొద్దున రెండోది మొదటిదాన్ని దాటిపోయింది.

లైసెన్స్‌లో ఎమిషన్ కోడ్‌లు (సిగ్నల్ రకం చెప్పేవి) ఉంటాయి కదా, వాటి ముందు వెడల్పు కలిపి రాసే పద్ధతి ఉంది. 2కె70జె3ఇ అంటే 2.7 కిలోహెర్ట్జ్ ఎస్ఎస్‌బీ. 300 హెర్ట్జ్ నుంచి 3,000 హెర్ట్జ్ దాకా గొంతు పంపితే వచ్చేది అంతే. 6కె00ఏ3ఇ అంటే 6 కిలోహెర్ట్జ్ ఏఎం. 16కె0ఎఫ్3ఇ అంటే 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) ఉన్న ఎఫ్ఎం. నిమిషానికి 25 మాటల మోర్స్‌కు 100 హెర్ట్జ్ సరిపోతుంది, 100హెచ్ఏ1ఏ.

ఇంకో మాట. అమెరికాలో 2.8 కిలోహెర్ట్జ్ లిమిట్ పెట్టారని గ్రూపుల్లో తిరుగుతోంది. అది హెచ్ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) డేటా మోడ్‌లకు. పాత 300 బాడ్ (డేటా పంపే వేగం) పరిమితి తీసేసి 2024 జనవరి నుంచి దాన్ని తెచ్చారు. వాయిస్‌కు అక్కడ కూడా "మంచి అమెచ్యూర్ పద్ధతి ప్రకారం అవసరమైనంతకు మించొద్దు" అన్న మాటే. యూరప్, ఆఫ్రికా ఉన్న రీజియన్ 1 బ్యాండ్ ప్లాన్‌లో మాత్రం వాయిస్ భాగాలకు 2,700 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. మనది రీజియన్ 3. ఏ రీజియన్‌దైనా బ్యాండ్ ప్లాన్ అనేది చట్టం కాదు, హామ్‌లందరూ కలిసి పెట్టుకున్న ఒప్పందం. నేనైతే దాన్ని చట్టమంత గౌరవంగా చూస్తాను.

క్యాంపస్_ఎస్‌డీఆర్ | రాత్రి 10:20

డైపోల్ సర్ రూల్ చెప్పారు కాబట్టి "ఫిల్టర్ 2.4 ఉన్నా ఎట్లా పోయింది" అన్నదానికి నేను జవాబు రాస్తాను. అసలు విషయం ఇక్కడే ఉంది.

ఫిల్టర్ ఉండేది ముందు దశలో. చివర్లో పవర్ ఆంప్లిఫయర్ ఉంటుంది. ఫిల్టర్ నుంచి శుభ్రంగా వచ్చిన సిగ్నల్‌ను ఆంప్లిఫయర్ ఉన్నది ఉన్నట్టు పెంచితే సమస్య లేదు. దాన్ని హద్దు దాటి తోస్తే శిఖరాలు నలిగిపోతాయి. పెళ్లి పందిట్లో సౌండ్ బాక్స్ వాల్యూమ్ మరీ పెంచితే పాట చీలిపోయినట్టే. నలిగినచోట కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. అవి ఫిల్టర్ తర్వాత పుట్టినవి, కాబట్టి ఆ ఫిల్టర్ వాటిని ఆపలేదు. చివర ఉండే లో-పాస్ ఫిల్టర్ హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర పుట్టేవి) కోసం పెట్టినది. 14, 21 మెగాహెర్ట్జ్‌లో పడేవాటిని ఆపుతుంది గానీ 3 కిలోహెర్ట్జ్ పక్కన పడేవాటిని ఏమీ చేయదు.

లెక్క చూడండి. ఆంప్లిఫయర్ పరీక్షకు 700, 1,900 హెర్ట్జ్ టోన్‌లు రెండూ ఒకేసారి పంపడం మామూలు. వంకర (సిగ్నల్ ఆకారం చెడటం) ఉంటే మూడో ఆర్డర్ ఉత్పత్తులు (ఒక టోన్ రెట్టింపులోంచి రెండోది తీసేస్తే వచ్చేవి) 3,100 దగ్గర ఒకటి, క్యారియర్‌కు (డయల్ చూపే ఫ్రీక్వెన్సీకి) అవతలి వైపు 500 దగ్గర ఇంకొకటి వస్తాయి. అయిదో ఆర్డర్‌వి 4,300 దగ్గర, అవతలి వైపు 1,700 దగ్గర. రెండే టోన్‌లకు ఇంత. గొంతులో లెక్కలేనన్ని టోన్‌లు ఒకేసారి ఉంటాయి, కాబట్టి వాటి ఉత్పత్తులన్నీ కలిసి గరగరమనే మూటలా పక్క ఫ్రీక్వెన్సీల మీద పడతాయి. ఎల్ఎస్‌బీలో 7.110 నుంచి ఆరు కిలోహెర్ట్జ్ కిందికి వెళ్లడం దీనితో సరిపోతుంది.

అన్నా, మీ వైరు పొడవు, మందం చెప్పండి. నాకు దాని మీదే అనుమానం. 100 వాట్ల సెట్ శిఖరాల దగ్గర 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. వైరులో రానూపోనూ కలిపి 0.06 ఓమ్ ఉన్నా 1.2 వోల్ట్‌లు అక్కడే పోతాయి. 13.8 వోల్ట్‌లకు డిజైన్ చేసిన ఆంప్లిఫయర్ 12 దగ్గర పనిచేస్తుంది గానీ నలిగే హద్దు బాగా ముందుకు వచ్చేస్తుంది. మీటర్ మీద పవర్ బాగానే కనబడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మంచిర్యాల_సీడబ్ల్యూ | రాత్రి 10:41

తమ్ముడు చెప్పింది నిజం. దానికి ఇంకో వైపు కూడా ఉంది. ఫిర్యాదు చేసిన ఆయన రిసీవర్‌ను కూడా చూడాలి. నాయిస్ బ్లాంకర్ (చిటపట శబ్దాలను కోసేసేది) ఆన్‌లో ఉంటే బలమైన సిగ్నల్ ఏదైనా వెడల్పుగానే వినబడుతుంది. ప్రీఆంప్ (వచ్చే సిగ్నల్‌ను ముందే పెంచేది) వేసి ఉంటే అదే కథ.

తేల్చుకోవడం సులువు. బ్లాంకర్, ప్రీఆంప్ ఆపేసి 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) వేయాలి. చిందు నిజంగా గాలిలో ఉంటే అది కూడా 10 డీబీ మేరకే తగ్గుతుంది. రిసీవర్‌లో పుట్టినదైతే ఇంచుమించు 30 డీబీ పడిపోతుంది, అంటే మాయమైపోతుంది. ఎవరికైనా "నీ సిగ్నల్ వెడల్పు" అని చెప్పే ముందు ఈ పని చేయడం మన బాధ్యత.

చెప్పేటప్పుడు కూడా లెక్కతో చెప్పాలి. "నా దగ్గర మీరు 9 ప్లస్ 20, మూడు కిలోహెర్ట్జ్ కింద ఎస్6 వినబడుతున్నారు, బ్లాంకర్ ఆఫ్" అంటే (ఈ ఎస్ అంకెలు సిగ్నల్ బలం చూపే మీటర్‌వి) అవతలివాళ్లు ఏదో ఒకటి సరిచేసుకోగలుగుతారు. "చిందుతోంది" అని వదిలేస్తే కొత్తవాళ్లు భయపడి మైక్ పక్కన పెట్టేస్తారు. అట్లా బ్యాండ్ వదిలి వెళ్లినవాళ్లను చూశాను, నాకు బాధ.

మోర్స్ వాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. కీ నొక్కగానే క్యారియర్ నిట్టనిలువుగా లేస్తే ఇరువైపులా క్లిక్కులు పడతాయి. ఎక్కే సమయం, దిగే సమయం 5 మిల్లీసెకన్లకు దగ్గరగా ఉంటే సిగ్నల్ సన్నగా, వినసొంపుగా ఉంటుంది. చాలా సెట్‌ల మెనూలో ఈ సెట్టింగ్ ఉంటుంది. 2 దగ్గర పెట్టి వదిలేయొద్దు.

కరీంనగర్_ఆడియో | రాత్రి 11:02

నా అభిప్రాయం కొంచెం వేరు, తప్పుగా అనుకోవద్దు. స్ప్లాటర్ (వంకర వల్ల వచ్చే చిందు) వేరు, కావాలని శుభ్రంగా పెంచిన వెడల్పు వేరు. నేను మంచి మైక్, ఈక్వలైజర్ వాడి 4 కిలోహెర్ట్జ్ ఎస్ఎస్‌బీ చేస్తాను. వంకర ఏమీ లేదు, ఎడ్జ్ కత్తితో కోసినట్టు ఉంటుంది. బ్యాండ్ ఖాళీగా ఉన్నప్పుడు నిండైన గొంతుతో మాట్లాడితే ఎవరికి నష్టం? ఏఎం వాళ్లకు 6 ఒప్పుకుంటారు, నాకు 4 ఎందుకు ఒప్పుకోరు? హామ్ రేడియో అంటేనే ప్రయోగం కదా.

కాజీపేట_డైపోల్ | ఆదివారం ఉదయం 6:15

ప్రయోగం కావాలి, కాదనను. శుభ్రంగా చేస్తున్నావంటే అది మెచ్చుకోదగ్గ పనే. ఏఎం మోడ్ స్వభావానికి రెండు సైడ్‌బ్యాండ్‌లు కావాలి, ఆ 6 దానికి అవసరమైన బ్యాండ్‌విడ్త్. ఎస్ఎస్‌బీ వచ్చిందే ఆ రెండోదాన్ని వదిలించుకోవడానికి.

నేను ఒప్పుకోనిది "బ్యాండ్ ఖాళీగా ఉన్నప్పుడు" అన్న మాట. మనకు ఖాళీగా వినబడితే ఖాళీ అన్నట్టు కాదు. 20 మీటర్లలో ఇక్కడి నుంచి కరీంనగర్ సిగ్నల్ నాకు సాధారణంగా వినబడదు, మనిద్దరం ఒకరికొకరం స్కిప్ జోన్‌లో (సిగ్నల్ పైనుంచి దూకిపోయే దగ్గరి ప్రాంతంలో) ఉంటాం. యూరప్‌లో వినేవాడికి ఇద్దరమూ ఒకేసారి చేరతాం. నువ్వు ఖాళీ అనుకున్న ఆ అదనపు సుమారు 1.5 కిలోహెర్ట్జ్‌లో నేను ఎవరితోనో మాట్లాడుతుండవచ్చు, నీకు తెలిసే దారి లేదు.

బలం సంగతి కూడా ఉంది. అదే 100 వాట్లను 4 కిలోహెర్ట్జ్‌లో పరిస్తే, వినేవాడు అంతా వినడానికి ఫిల్టర్ తెరవాలి. 2.4 నుంచి 4కు తెరిస్తే నాయిస్ 2.2 డీబీ పెరుగుతుంది. 300 హెర్ట్జ్ కింద ఉండే బేస్ పవర్ తింటుంది గానీ మాట అర్థం కావడానికి పెద్దగా పనికిరాదు. కాజీపేట జంక్షన్ పక్కన ఉన్న నాకు 25 కిలోవోల్ట్‌ల రైల్వే లైన్ల నాయిస్ ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఈ 2 డీబీ విలువ నాకు బాగా తెలుసు.

కరీంనగర్_ఆడియో | ఉదయం 7:30

స్కిప్ సంగతి ఒప్పుకుంటున్నాను సర్. 40లో, 20లో రద్దీ ఉండే వేళ 2.7 దాటను. 10 మీటర్లలో పైన 28.6 దాటాక చోటు చాలా ఉంటుంది, అక్కడ చేస్తాను. దాని మీద మాత్రం నా మాట మార్చుకోను.

పరకాల_విద్యార్థి | ఉదయం 8:10

నమస్తే సర్. నేను పరీక్షకు చదువుతున్నాను. బ్యాండ్ అంచుల గురించి ఒక డౌట్. 40 మీటర్లు 7.000 నుంచి 7.200 అన్నారు. డయల్ మీద 7.200 పెట్టి ఎల్ఎస్‌బీలో మాట్లాడొచ్చా? 20 మీటర్లలో 14.350 పెట్టి యూఎస్‌బీలో (గొంతు పై వైపు వెళ్లే మోడ్)?

క్యాంపస్_ఎస్‌డీఆర్ | ఉదయం 8:34

మంచి ప్రశ్న. డయల్ చూపేది అణచివేసిన క్యారియర్ స్థానాన్ని. సిగ్నల్ దాని పక్కన ఉంటుంది. యూఎస్‌బీలో 14.350 పెడితే నీ గొంతు మొత్తం 14.3503 నుంచి 14.353 దాకా, అంటే పూర్తిగా బ్యాండ్ బయట. 14.347 దాటకూడదు. నేనైతే 14.346 దగ్గర ఆగుతాను, ఎందుకంటే చిన్న చిందు కూడా బయట పడకూడదు.

ఎల్ఎస్‌బీలో 7.200 పెడితే కాగితం మీద గొంతు 7.197 నుంచి 7.1997 మధ్యలో ఉంటుంది, కానీ అణగని క్యారియర్, అవతలి సైడ్‌బ్యాండ్ మిగులు అంచు మీదే ఉంటాయి. కొంచెం లోపలికి రావడమే పద్ధతి. పైగా 7.200 పైన మన రీజియన్‌లో బ్రాడ్‌కాస్ట్ వాళ్లున్నారు. 7.100 నుంచి 7.200 దాకా కూడా వాళ్లు ఉండేవాళ్లు. 2003 ప్రపంచ రేడియో సమావేశంలో నిర్ణయం జరిగితే 2009 మార్చి 29కి ఖాళీ చేశారు. అంత కష్టంతో వచ్చిన 100 కిలోహెర్ట్జ్ అది.

కింది అంచున ఎల్ఎస్‌బీ ఇంకా ప్రమాదం. 7.002 పెడితే 6.999 దాకా పోతావు. అసలు అక్కడ వాయిస్ చేయరనుకో, పరీక్షలో లెక్క అడిగితే పనికొస్తుంది. ఎఫ్ఎంలో డయల్ మధ్యలో ఉంటుంది, ఇరువైపులా 8 కిలోహెర్ట్జ్. కాబట్టి 145.995 పెడితే 146.003 అవుతుంది. మన 2 మీటర్లు 146.000తో అయిపోతుంది.

మంచిర్యాల_సీడబ్ల్యూ | ఉదయం 9:02

14.100 దగ్గర కూడా జాగ్రత్త బాబూ. అక్కడ అంతర్జాతీయ బీకన్‌లు (సిగ్నల్ ఎంత దూరం చేరుతోందో తెలియడానికి వాటంతటవే పంపే స్టేషన్లు) ఉంటాయి. ప్రపంచమంతా 18 స్టేషన్లు, మూడు నిమిషాల చక్రంలో వంతులవారీగా 100 వాట్ల నుంచి 0.1 వాట్ దాకా దిగుతూ పంపుతాయి. మన పక్కనే శ్రీలంకలో ఒకటి ఉంది. ఎక్కడో ఒకడు ఆ 0.1 వాట్ వినడానికి చెవులు రిక్కించి కూర్చుంటాడు. 14.098 మీద యూఎస్‌బీ వాయిస్ వేస్తే అతని శ్రమ పోయినట్టే.

హనుమకొండ_40మీ | మధ్యాహ్నం 1:25

అందరికీ చాలా థాంక్స్. పొద్దున కూర్చుని చూశాను. కింద బ్యాటరీ దగ్గర 13.4 ఉంది. పైన సెట్ టెర్మినల్ దగ్గర, గట్టిగా మాట్లాడే క్షణంలో 11.9కి పడిపోతోంది. ఎస్‌డీఆర్ తమ్ముడి అనుమానం కరెక్ట్. బ్యాటరీని సెట్ పక్కకే తెచ్చి, మందపాటి పొట్టి వైరు వేశాను. ఇప్పుడు 13 కిందికి దిగట్లేదు.

ప్రాసెసర్ ఆపేశాను. మైక్ గెయిన్ ఏఎల్‌సీ గీత లోపల ఊగేదాకా తగ్గించాను. తర్వాత దూరంగా ఉన్న ఒక ఆన్‌లైన్ రిసీవర్ తెరిచి వాటర్‌ఫాల్ (తెర మీద ఫ్రీక్వెన్సీల బొమ్మ) చూస్తూ పంపాను. ముందు పొగలాగా రెండు పక్కలా ఉండే మరక పోయి, పక్కా అంచులున్న పట్టీ కనబడింది. హైదరాబాద్ ఓఎం రిపోర్ట్ కూడా అంతే బలం, మాట ఇంకా స్పష్టం అన్నారు. పవర్ మీటర్ సగటు తగ్గింది కానీ అవతల ఏమీ తగ్గలేదు.

ఇంకో డౌట్. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డేటా మోడ్) మొదలుపెడదామనుకుంటున్నాను. దానికి కూడా ఇవే సెట్టింగ్‌లా?

క్యాంపస్_ఎస్‌డీఆర్ | మధ్యాహ్నం 2:03

కాదన్నా, ఇంకా కఠినం. ఎఫ్‌టీ8 సిగ్నల్ వెడల్పు 50 హెర్ట్జ్, 6.25 హెర్ట్జ్ ఎడంతో 8 టోన్‌లు. 7.074 డయల్ మీద 3 కిలోహెర్ట్జ్ లోపల అందరూ కలిసి ఉంటారు. ఒక్క స్టేషన్ ఆడియో ఎక్కువ పెడితే అందరికీ పాడవుతుంది. 500 హెర్ట్జ్ దగ్గర పంపుతూ సౌండ్ కార్డ్ ఓవర్‌డ్రైవ్ చేస్తే 1,000, 1,500 దగ్గర కూడా మీ సిగ్నల్ నకళ్లు కనబడతాయి.

ప్రాసెసర్ తప్పకుండా ఆఫ్. ఆడియో స్లయిడర్ దించి, ఏఎల్‌సీ దాదాపు కదలకుండా ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో స్ప్లిట్ ఆపరేషన్ ఆప్షన్ ఆన్ చేయండి. అది అసలు ఆడియో టోన్‌ను 1,500 నుంచి 2,000 మధ్యలో ఉంచి డయల్‌ను జరుపుతుంది. అప్పుడు రెండో హార్మోనిక్ 3,000 దగ్గరో ఆ పైనో పడి సెట్ ఫిల్టర్‌లోనే చచ్చిపోతుంది. చాలామంది ఈ ఆప్షన్ ఎందుకుందో తెలియక వదిలేస్తారు.

జమ్మికుంట_వీహెచ్ఎఫ్ | సాయంత్రం 6:40

హెచ్ఎఫ్ గురించే మాట్లాడుతున్నారు, 2 మీటర్ల సంగతి కూడా రాయనివ్వండి. నాకు ఇది పట్టింపు ఎందుకంటే, 2023 జులై 27న మోరంచపల్లి మునిగిన రోజు, హనుమకొండలో నయీంనగర్ వైపు నీళ్లు వచ్చిన రోజు ఇక్కడ అందరికీ గుర్తుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన. ఫోన్‌లు పనిచేయని అట్లాంటి రోజు రేడియో అవసరం పడితే, ఒకే ఊరిలో రెండు మూడు ఛానెళ్లు పక్కపక్కనే నడపాలి. అప్పుడు వెడల్పు సిగ్నల్ అంటే ఎవరి సమాచారమో చేరకపోవడం.

చవక హ్యాండీలలో (చేతి సెట్‌లలో) వైడ్, నారో అని సెట్టింగ్ ఉంటుంది. వైడ్ అంటే 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్, మొత్తం 16 కిలోహెర్ట్జ్. 12.5 కిలోహెర్ట్జ్ ఎడంతో ఛానెళ్లు వేసుకుంటే అది పట్టదు, పక్కదాని మీదికి పోతుంది. నారో అంటే 2.5 డీవియేషన్, 11 కిలోహెర్ట్జ్, పడుతుంది. గ్రూపులో అందరివీ ఒకేలా ఉండాలి. ఒకరు వైడ్, ఒకరు నారో అయితే ఒకవైపు మాట చీలుతుంది, రెండోవైపు సన్నగా వినబడుతుంది. అప్పుడు అందరూ బ్యాటరీ మీద అనుమానపడతారు.

ఇంకోటి, ఫిల్టరింగ్ సరిగా లేని హ్యాండీలో 145 మెగాహెర్ట్జ్ మూడో హార్మోనిక్ 435. అది మన 434-438 బ్యాండ్ లోపలే పడుతుంది. పక్కన నిలబడ్డవాడు 435 మీద పనిచేస్తుంటే దెబ్బ. కొన్నాక ఒకసారైనా ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌తో నడిచే రిసీవర్) మీద పెట్టి చూడండి.

పరకాల_విద్యార్థి | సాయంత్రం 7:15

సర్, చవక ఎస్‌డీఆర్ డాంగిల్‌తో ఇవన్నీ కొలవొచ్చా?

క్యాంపస్_ఎస్‌డీఆర్ | సాయంత్రం 7:32

ఉందా లేదా అన్నది చూడొచ్చు, కచ్చితంగా కొలవలేం. 8 బిట్ డాంగిల్‌కు సుమారు 48 డీబీ పరిధి ఉంటుంది. హ్యాండీని పక్కనే పెడితే డాంగిలే నలిగిపోయి లేని హార్మోనిక్స్ చూపిస్తుంది. యాంటెన్నా తీసేసి, డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మింగేసేది) మీద పంపుతూ, డాంగిల్‌ను పక్క గదికి తీసుకెళ్లి గెయిన్ తగ్గించి చూడు. మంచిర్యాల సర్ చెప్పిన అటెన్యుయేటర్ సూత్రమే ఇక్కడా. గెయిన్ 10 తగ్గిస్తే ఆ గీత కూడా 10 తగ్గాలి. ఇంకా ఎక్కువ పడితే అది నీ డాంగిల్ తయారు చేసినది.

కాజీపేట_డైపోల్ | రాత్రి 8:20

వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకు 40 మీటర్లలో కలుద్దాం. 7.120 ఖాళీ ఉంటే అక్కడ, లేకుంటే పైకి జరుగుదాం. ముందు కొంచెంసేపు వినండి, "ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా" అని అడిగి మొదలుపెడదాం. ఒక్కొక్కరూ అర నిమిషం మాట్లాడాలి, మిగతావాళ్లు 3 కిలోహెర్ట్జ్ పైనా కిందా విని ఎస్ రీడింగ్ రాసుకోవాలి. బ్లాంకర్ ఆఫ్, ప్రీఆంప్ ఆఫ్. కరీంనగర్ తమ్మీ, నీ ఈక్వలైజర్ 2.7కు పెట్టి ఒకసారి, ప్రాసెసర్ వేసి ఇంకోసారి పంపు, తేడా మాకు కూడా తెలుస్తుంది.

కరీంనగర్_ఆడియో | రాత్రి 8:31

వస్తాను సర్. రెండు సెట్టింగ్‌లూ మెమరీలో పెట్టుకుని ఉంటాను.

హనుమకొండ_40మీ | రాత్రి 8:44

నేనూ వస్తాను. ఫిర్యాదు చేసిన సీనియర్ ఓఎంకు కూడా మెసేజ్ పెట్టాను. వైరు సంగతి చెప్తే సంతోషించి, ఆదివారం వింటానన్నారు. ఆయన ఉండేది నాగ్‌పూర్ వైపు, కాబట్టి దూరం నుంచి కూడా ఒక రీడింగ్ దొరుకుతుంది. 73 (శుభాకాంక్షలు).